నది అడుగు మట్టిలో కొత్త బ్యాక్టీరియా: అపోహలు – వాస్తవాలు

నదుల అడుగు మట్టిలోని బ్యాక్టీరియాను వేరుచేసి, అది ఏ జాతిదో తేల్చడం మా ల్యాబ్ పని. "కొత్త బ్యాక్టీరియా కనుగొన్నారు" అని పేపర్లో వార్త పడిందంటే చుట్టాల నుంచి, పాత విద్యార్థుల నుంచి ఫోన్లు వస్తాయి. అందరూ అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. వాటికి తీరిగ్గా జవాబు రాయాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను.

అపోహ: కొత్త జాతి కంటపడటమే గొప్ప అదృష్టం

కంటపడటం కష్టం కాదు. దాన్ని విడదీసి, ఒంటరిగా పెంచి, బతికించుకోవడం కష్టం.

గోదావరిలో నీళ్లు తగ్గాక, ఒడ్డుకు దగ్గరలో ప్లాస్టిక్ గొట్టాన్ని మట్టిలోకి దించి పైకి తీసి చూడండి. పైన కాస్త మందాన గోధుమరంగు మట్టి, దాని కింద నల్లటి బురద ఉంటుంది. ఆ నలుపు ఐరన్ సల్ఫైడ్‌ది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. పై నుంచి కిందికి వెళ్లేకొద్దీ ఆక్సిజన్ అయిపోతుంది. అక్కడి బ్యాక్టీరియా ఆక్సిజన్‌కు బదులు నైట్రేట్‌ను, ఇనుమును, సల్ఫేట్‌ను వాడుకుని బతుకుతాయి. చెంచాడు మట్టిలో అవి కోట్లలో ఉంటాయి. జెల్లీ లాంటి తిండి పోసిన మామూలు అగార్ ప్లేట్ మీద మొలిచేవి మాత్రం సాధారణంగా నూటికి ఒకటి కూడా ఉండవు. కొన్నింటికి గాలి గిట్టదు, కొన్నింటికి మనం పెట్టే తిండి మరీ ఎక్కువ, కొన్ని పక్కవాటి తోడు లేనిదే పెరగవు.

అమెరికాలో పోటోమాక్ నది అడుగు మట్టి నుంచి డెరెక్ లవ్లీ బృందం జీఎస్-15 అనే స్ట్రెయిన్‌ను (ఒకే కణం నుంచి పెరిగిన వంశాన్ని) వేరుచేసింది. అది ఆక్సిజన్ లేని చోట తిండిలోని ఎలక్ట్రాన్లను ఇనుపతుప్పు లాంటి ఆక్సైడ్‌కు అప్పజెప్పి, మాగ్నెటైట్ అనే అయస్కాంత ఖనిజాన్ని తయారుచేస్తుందని 1987లో ప్రచురించారు. ఇప్పుడు మనం చదువుకునే జియోబాక్టర్ మెటాలిరెడ్యూసెన్స్ అదే. ఆ పేరు మాత్రం 1993లో వచ్చింది. అది ఏం చేస్తుందో లోకానికి తెలిసిపోయాక కూడా ఆరేళ్లు ఒట్టి నంబరుతోనే ఉంది.

అపోహ: 16ఎస్ సీక్వెన్స్ చేయిస్తే జాతి తేలిపోతుంది

16ఎస్ అంటే ప్రతి బ్యాక్టీరియాలోనూ ఉండే ఒక జన్యువు; దాని డీఎన్ఏ అక్షరాల వరుసను చదవడమే సీక్వెన్స్ చేయడం. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే. అందుకే దీని దగ్గర కాసేపు ఆగుతాను.

ఏటా ఎవరో ఒక విద్యార్థి పరుగున వస్తారు. "మేడమ్, తెలిసిన జాతితో పోలిక 97.9 శాతమే వచ్చింది, కొత్తదే!" ఆ ముఖంలో వెలుగు చూస్తే నాకూ సంతోషమే. కానీ నేను ముందు మూడు ప్రశ్నలు అడుగుతాను. సీక్వెన్స్ పొడవెంత? 16ఎస్ జన్యువు దాదాపు 1,500 బేస్‌లు (డీఎన్ఏ అక్షరాలు) ఉంటుంది. అందులో సగం ముక్కతో శాతాలు లెక్కగడితే ఆ అంకెను నమ్మలేం. దేనితో పోల్చావు? డేటాబేస్‌లో ఎవరో పేరు తప్పుగా రాసి పెట్టిన స్ట్రెయిన్‌తో కాదు, ఆ జాతికి ప్రమాణంగా దాచిన టైప్ స్ట్రెయిన్‌తో పోల్చాలి. కల్చర్, అంటే పెంచిన బ్యాక్టీరియా, వేరేది కలవకుండా శుద్ధంగా ఉందా? ఈ మూడో ప్రశ్నకు మళ్లీ వస్తాను.

మూడింటికీ సరైన జవాబే వచ్చిందనుకుందాం. కొత్త జాతి అనడానికి 1994లో 97 శాతం పోలిక దగ్గర గీత గీశారు. జీనోమ్‌లు, అంటే జీవుల మొత్తం డీఎన్ఏ వివరాలు, పోగయ్యాక ఆ గీత 98.7 దగ్గరికి జరిగింది. అంతకంటే తక్కువ వస్తే కొత్త జాతి అయ్యే అవకాశం గట్టిగా ఉన్నట్టే. ఎక్కువ వస్తే పాతదేనని మాత్రం చెప్పలేం. గొర్రెల్లో, పశువుల్లో దొమ్మ రోగం తెచ్చే బ్యాసిల్లస్ ఆంత్రాసిస్, మిగిలిపోయిన అన్నంలో పెరిగి వాంతులు తెప్పించే బ్యాసిల్లస్ సీరియస్, బీటీ పత్తికి ఆ పేరు ఇచ్చిన బ్యాసిల్లస్ థురింజియెన్సిస్... ఈ మూడింటి 16ఎస్ దాదాపు ఒక్కటే. రైతుకు మేలు చేసేదీ, మందలో ప్రాణాలు తీసేదీ ఆ ఒక్క జన్యువులో తేడా తెలియకుండా ఉంటాయి.

అందుకే మొత్తం జీనోమ్ చదవాలి. రెండు జీనోమ్‌లను ముక్కలుగా పోల్చి, కలిసిన చోట్ల సగటు పోలిక 95–96 శాతం కంటే తక్కువైతే వేరే జాతి అంటాం. 1987 నుంచి వాడుకలో ఉన్న 70 శాతం డీఎన్ఏ జోడింపు (రెండింటి డీఎన్ఏ పోగులు ఒకదానితో ఒకటి ఎంత అతుక్కుంటాయో చూసే) గీతను కూడా ఇప్పుడు కంప్యూటర్లోనే లెక్కగడుతున్నాం.

ఇక ఆ మూడో ప్రశ్న. కొన్నేళ్ల కిందట ఒక స్ట్రెయిన్ మీద ఎనిమిది నెలలు పనిచేశాం. లేత గులాబీ రంగు కాలనీలు (ప్లేట్ మీద కంటికి కనిపించే బ్యాక్టీరియా గుంపులు), గుండ్రంగా, ముద్దుగా ఉండేవి. జీనోమ్ వచ్చాక చూస్తే ఉండాల్సిన దానికి దాదాపు రెట్టింపు సైజు. జీసీ శాతం (డీఎన్ఏలో జీ, సీ అక్షరాల వాటా) గ్రాఫ్‌లో ఒక గుట్ట ఉండాల్సిన చోట రెండు గుట్టలు. పాత ప్లేట్‌ను వెలుతురుకు అడ్డంగా పెట్టి భూతద్దంతో చూశాం. ప్రతి గులాబీ కాలనీ అంచునా నీటి చుక్క ఆరిన మరకలా, రంగు లేని ఇంకో సన్నటి కాలనీ! మేం కొలిచిన ఫ్యాటీ యాసిడ్లు, ఎంజైములు రెండింటివీ కలిసినవే. ఆ డేటా మొత్తం పక్కన పడేశాం. ఆ స్కాలర్ ముఖం నాకింకా గుర్తుంది. అప్పటి నుంచి మా దగ్గర ఒంటరి కాలనీ నుంచి కనీసం నాలుగుసార్లు స్ట్రీక్ చేయందే (కొత్త ప్లేట్ మీద పలచగా గీసి పెంచందే), ప్లేట్‌ను రెండో రోజుతో పాటు పదో రోజు కూడా చూడందే ఏ స్ట్రెయిన్‌కూ నంబరు ఇవ్వం.

అపోహ: జీనోమ్ వచ్చాక మిగతా టెస్టులు దండగ

జీనోమ్ ఏం చేయగలదో చెబుతుంది, ఏం చేస్తోందో చెప్పదు. ఏ వేడికి, ఎంత ఉప్పులో, ఏ పీహెచ్ దగ్గర పెరుగుతుందో పెంచి చూడాల్సిందే. కణపొరలోని కొవ్వులు, క్వినోన్లు అనే అణువులు కొలవాల్సిందే. దగ్గరి జాతుల టైప్ స్ట్రెయిన్లను తెప్పించి, అదే మీడియాలో (పెంచడానికి పెట్టే తిండిలో), అదే వేడిలో పక్కపక్కనే పెంచాలి. తిండి మారితే ఫ్యాటీ యాసిడ్లు మారతాయి. పాత పరిశోధన పేపర్లోంచి అంకెలు ఎత్తి పక్కన పెడితే అది పోలిక కాదు.

అపోహ: కనిపెట్టినవాళ్లు తమ పేరు పెట్టుకోవచ్చు

తమ పేరు గానీ తోటి రచయితల పేరు గానీ పెట్టొద్దని నామకరణ నియమావళే చెబుతోంది.

అపోహ: పరిశోధన పేపర్ అచ్చయితే పేరు ఖాయం

పేపర్ ఒక్కటే చాలదు. టైప్ స్ట్రెయిన్‌ను వేర్వేరు దేశాల్లోని కనీసం రెండు కల్చర్ కలెక్షన్లలో (బ్యాక్టీరియాను భద్రపరిచే కేంద్రాల్లో), అడిగినవాళ్లకు అందేలా డిపాజిట్ చేయాలి. అది జరిగితేనే పేరు చెల్లుతుంది. చెల్లిన పేరు మీద కూడా తర్వాత వాదన నడవచ్చు.

2005లో హైదరాబాద్ నుంచి ఎగరేసిన బెలూన్ 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి నమూనాలు తెచ్చింది. వాటిలోంచి హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన శివాజీ బృందం 2009లో బ్యాసిల్లస్ ఆర్యభట్టై అనే కొత్త జాతిని ప్రకటించింది. 2019లో ఇంకో బృందం జీనోమ్‌లు పోల్చి, ఇది 1884 నుంచి తెలిసిన బ్యాసిల్లస్ మెగాటీరియమే అంది. 2020లో మరో బృందం ఆ రెండింటినీ ప్రీస్టియా అనే కొత్త ప్రజాతిలోకి (దగ్గరి జాతుల గుంపులోకి) మార్చి, ఆర్యభట్టైని విడి జాతిగానే ఉంచింది. ఇందులో ఎవరికీ చిన్నతనం లేదు. ఆ స్ట్రెయిన్ ట్యూబులో భద్రంగా ఉండబట్టే ఎవరైనా తెప్పించుకుని మళ్లీ కొలవగలుగుతున్నారు.

అపోహ: ల్యాబ్‌లో పెరగనిదానికి పేరే ఉండదు

ముప్పై ఏళ్లుగా అలాంటివాటికి 'క్యాండిడేటస్' అని ముందు చేర్చి తాత్కాలిక పేరు పెడుతున్నారు. 2022లో సీక్‌కోడ్ అనే నామకరణ నియమావళి వచ్చింది. దాని ప్రకారం మంచి జీనోమ్‌నే ప్రమాణంగా చూపించి పేరు పెట్టొచ్చు. అడుగు మట్టిలో పెరగనివే ఎక్కువ కాబట్టి ఇది అవసరమే. అయినా నా మొగ్గు కల్చర్ వైపే. జీనోమ్ ఫైలును ఇంకోసారి చదవొచ్చు గానీ, దాన్ని కొత్త ప్రశ్న అడగలేం.

విద్యార్థులకు ఒక మాట. శుద్ధమైన కాలనీ చేతికి వచ్చిన రోజే, సీక్వెన్స్ కోసం ఆగకుండా, గ్లిసరాల్ స్టాక్ (గ్లిసరాల్ కలిపి గడ్డకట్టించి దాచే నిల్వ) కనీసం ఐదు ట్యూబులు చేసి మైనస్ 80 డిగ్రీల సెల్సియస్‌లో పెట్టండి. రెండు ట్యూబులు వేరే ఫ్రీజర్లో ఉంచండి. నెల తర్వాత ఒకటి తీసి, మళ్లీ బతుకుతోందో లేదో చూడండి.