జీతం ఎక్కువ పడిందా? ఆ వాట్సాప్ మెసేజ్‌ను మాత్రం నమ్మకండి

బెంగళూరులో పేరోల్ పని, అంటే కంపెనీ జీతాల లెక్కలు చూసే పని, చేస్తున్నాను. జీతాలు పడిన మర్నాడు మనవాళ్ల నుంచి వచ్చే ఫోన్లలో ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది. "అక్కా, ఈ నెల ఎక్కువ పడింది. తప్పు కంపెనీదే కదా, వెనక్కి ఇవ్వక్కర్లేదంట. సుప్రీంకోర్టు చెప్పిందంట." వాట్సాప్‌లో తిరిగే ఒక మెసేజ్‌లోని ఈ మాట నమ్మి నష్టపోయినవాళ్లను చూసీ చూసీ విసుగొచ్చింది. అందుకే రాస్తున్నాను.

అపోహ: తప్పు కంపెనీది, కాబట్టి డబ్బు నాది.

కాదు. పొరపాటున చెల్లించిన డబ్బును అందుకున్నవాళ్లు తిరిగి ఇవ్వాలని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 72వ సెక్షన్ చెబుతోంది. పొరపాటు ఎవరు చేశారన్నది అక్కడ లెక్కలోకి రాదు. ఎక్కువ ఇచ్చిన జీతాన్ని తర్వాతి జీతాల్లో సర్దుకోవడానికి 1936 నాటి వేతన చెల్లింపు చట్టం వీలిచ్చింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్‌లోనూ 18వ సెక్షన్ కింద ఆ వీలుంది.

మరి సుప్రీంకోర్టు తీర్పు? అది నిజంగానే ఉంది. 2014 డిసెంబర్ 18న, పంజాబ్ ప్రభుత్వానికీ రఫీక్ మసీహ్‌కూ మధ్య నడిచిన కేసులో వచ్చింది. కానీ అది ప్రభుత్వ ఉద్యోగుల గురించి. గ్రూప్ సి, గ్రూప్ డి అనే కింది స్థాయి ఉద్యోగులు, రిటైరైనవాళ్లు, ఏడాదిలోపు రిటైర్ కాబోయేవాళ్లు, ఐదేళ్లకు మించి ఎక్కువ జీతం అందుకుంటూ వచ్చినవాళ్లు, ఇలా కొన్ని సందర్భాల్లో తిరిగి వసూలు చేయడం అన్యాయమని కోర్టు చెప్పింది. చిన్న జీతగాళ్లను, పెన్షన్ మీద బతికేవాళ్లను కాపాడటానికి వచ్చిన తీర్పు అది. పోయిన నెల జీతం రెండుసార్లు పడిన వైట్‌ఫీల్డ్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి అది కవచం కాదు. పైగా ఎక్కువ పడితే తిరిగి ఇస్తానని ముందే రాసిచ్చిన ఉద్యోగి ఇవ్వాల్సిందేనని 2016లో జగ్‌దేవ్ సింగ్ కేసులో అదే కోర్టు చెప్పింది. మీ అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చూడండి, అలాంటి వాక్యం చాలామంది లెటర్లలో ఉంటుంది. ఈ సంగతులేవీ మెసేజ్‌లో ఉండవు.

హిందూపురం నుంచి వచ్చిన ఒక అబ్బాయికి ఇంక్రిమెంట్ ఎరియర్స్ (పాత నెలల బకాయి) రెండుసార్లు పడ్డాయి. వాళ్ల పీజీ హాస్టల్లో ఎవరో ఆ మెసేజ్ చూపించారు. నోరు మెదపలేదు. చెల్లెలి పెళ్లికి ఖర్చుపెట్టేశాడు. కొన్ని నెలల తర్వాత ఆడిట్‌లో బయటపడేసరికి రిజైన్ చేసి నోటీస్ పీరియడ్‌లో ఉన్నాడు. ఫుల్ అండ్ ఫైనల్ (వెళ్లేటప్పుడు తేల్చే ఆఖరి లెక్క) మైనస్‌లోకి వెళ్లింది, ఉద్యోగం నుంచి వదిలినట్టు ఇచ్చే రిలీవింగ్ లెటర్ ఆగింది, కొత్త కంపెనీలో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఆగింది. చివరికి లోన్ యాప్‌లో అప్పు చేసి కట్టాడు. ఆ వడ్డీ తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. దొంగబుద్ధి ఉన్న పిల్లవాడు కాదు. డబ్బు పడిన నెలలోనే ఒక్క మెయిల్ పెట్టి ఉంటే నెలకు కొంత చొప్పున, వడ్డీ లేకుండా తీరిపోయేది.

అపోహ: అయితే ఒకే నెలలో జీతమంతా కోసేస్తారు.

ఈ భయంతోనే చాలామంది నోరు విప్పరు. పాపం, ఇంటద్దె, ఇంటికి పంపే డబ్బు, ఈఎంఐ అన్నీ ఆ జీతం మీదే ఉంటాయి కదా. కానీ కోడ్ ప్రకారం ఒక నెలలో అన్ని కోతలూ కలిపి జీతంలో 50 శాతం దాటకూడదు. మీ జీతం 40,000 అనుకోండి, కోతలకు హద్దు 20,000. అందులో పీఎఫ్ 1,800, కర్ణాటక ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 పోతే, ఇంకే కోతా లేకపోయినా వసూలుకు మిగిలేది 18,000. అరవై వేలు ఎక్కువ పడి ఉంటే కనీసం నాలుగు నెలలు పడుతుంది. అంతకంటే తక్కువ కోసుకోమని మీరు అడగొచ్చు. పెళ్లో ఆసుపత్రి ఖర్చో ఉందని చెప్తే వాయిదాల సంఖ్య పెంచిన మేనేజర్లను చూశాను. అడగనివాళ్లకు మాత్రం సిస్టమ్ గరిష్ఠంగా కోసేస్తుంది.

అపోహ: పేస్లిప్‌లో ఎక్కువ కనబడిన మొత్తం అంతా కట్టాలి.

ఇది మన పిల్లలకు తెలియక చేతి డబ్బు పోగొట్టుకునే చోటు. ఎక్కువ వేసిన గ్రాస్ (కోతలకు ముందు మొత్తం) 60,000, అందులో టీడీఎస్ (కంపెనీ ముందే కోసి కట్టే ఆదాయపు పన్ను) 12,000 పోయి చేతికి 48,000 వచ్చింది అనుకుందాం. మార్చి 31 లోపే లెక్క తేలితే మీరు 48,000 తిరిగి ఇస్తే చాలు, మిగిలిన నెలల టీడీఎస్‌లో కంపెనీ ఆ 12,000 సర్దుకోగలదు. మార్చి దాటితే చిక్కే. ఆ పన్ను మీ పాన్ మీద ప్రభుత్వానికి చేరిపోయి ఉంటుంది కాబట్టి కంపెనీ గ్రాస్ మొత్తం అడుగుతుంది. అప్పుడు టీడీఎస్ రిటర్న్ సవరించి, జీతం తగ్గించి చూపిన టీడీఎస్ సర్టిఫికెట్ ఇస్తారా అని మెయిల్‌లో అడగండి. అది చేతికి వస్తే ఆ 12,000 మీ రిటర్న్‌లో రీఫండ్‌గా అడగొచ్చు. అది రాకుండా గ్రాస్ కట్టేస్తే మీ దగ్గరకు రాని డబ్బు కూడా మీరే ఇచ్చినట్టు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పోలీసులు వస్తారా? విషయం తెలియజేసి వాయిదాలు అడిగినవాళ్ల మీద కేసు పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. నిద్ర పాడుచేసుకోకండి. పీఎఫ్‌లోంచి లాగేస్తారా? లేదు, ఆ డబ్బు మీద కంపెనీ చెయ్యి వేయలేదు. మూడేళ్లు గడిస్తే మాఫీయా? దావాకు గడువు మూడేళ్లే. కానీ పొరపాటు విషయంలో, అది బయటపడిన రోజు నుంచి లేదా శ్రద్ధగా చూస్తే బయటపడగలిగిన రోజు నుంచి ఆ లెక్క మొదలవుతుంది. "నేను హెచ్‌ఆర్‌ని, ఈ నంబర్‌కి ఫోన్‌పే చెయ్యి" అని ఎవరైనా అంటే పైసా పంపకండి. ఆఫీసు మెయిల్‌లో ఇచ్చిన కంపెనీ ఖాతాకే పంపి యూటీఆర్ నంబర్ (బ్యాంకు ఇచ్చే లావాదేవీ నంబర్) దాచుకోండి.

మెయిల్‌లో పెద్దగా రాయాల్సింది ఉండదు. ఫలానా తేదీన ఇంత పడింది, నా లెక్క ప్రకారం ఇంత రావాలి, తేడా ఇంత. దయచేసి సరిచూసి గ్రాస్, టీడీఎస్, పీఎఫ్ విడివిడిగా చూపిన లెక్క పంపండి. నెలకు ఇంత చొప్పున ఇన్ని నెలల్లో సర్దుకోమని కోరుతున్నాను. దీన్ని పేరోల్‌కి పంపి, మేనేజర్‌ని కాపీలో పెట్టండి. జవాబు వచ్చేదాకా ఆ తేడా మొత్తాన్ని వేరే ఖాతాలోకి మార్చి పెట్టుకోండి, లేకపోతే ఏదో ఒక ఆటో డెబిట్ దాన్ని తినేస్తుంది.