వడదెబ్బ జ్వరం కాదు, బిళ్లతో దిగదు

మొన్న మే నెలలో తాడిపత్రి దగ్గర నాపరాళ్ల గనిలో పనిచేసే ఆయనను మధ్యాహ్నం మూడింటికి ఆటోలో మా ఆసుపత్రికి తెచ్చారు. పిచ్చిగా ఏదేదో మాట్లాడుతున్నాడు, భార్యను గుర్తుపట్టడం లేదు. రాతి పొడి, చెమట కలిసి బనియన్ అట్ట కట్టింది. థర్మామీటరు 106 డిగ్రీల ఫారన్‌హీట్ దాటింది.

"పన్నెండుకే జొరం తగిలింది సార్. బిళ్ల యేసి, దుప్పటి కప్పి పండుకోబెట్టినాం" అందామె.

మూడు గంటలు అలా పోయాయి. ప్రతి ఎండాకాలం నేను వినే మాటే ఇది. ప్రాణాలు తీసే అపోహ కూడా ఇదే.

ఒంటి వేడి ఎంత ఉండాలో మెదడులోని హైపోథాలమస్ చూసుకుంటుంది. ఇన్‌ఫెక్షన్ వస్తే అదే ఆ లెక్కను పైకి జరుపుతుంది. అందుకే ఒళ్లు కాలుతున్నా చలి పుడుతుంది. పారాసిటమాల్ ఆ లెక్కను మళ్లీ కిందికి దించుతుంది. వడదెబ్బలో లెక్క మామూలుగా ఉండే 98.6 ఫారన్‌హీట్ (37 డిగ్రీల సెల్సియస్) దగ్గరే ఉంటుంది. ఒళ్లే వేడిని బయటికి పంపలేక చేతులెత్తేస్తుంది. ఇక బిళ్లకు అక్కడ పనేముంది? పైగా అప్పటికే దెబ్బతింటున్న కాలేయానికి అదో భారం.

"చెమట పడుతోంది కదా, వడదెబ్బ ఎట్లవుతుంది" అంటారు. ఎండలో కష్టం చేసేవాళ్లకు చెమట పడుతూనే వడదెబ్బ తగులుతుంది. మాట తడబడిందా, మనిషి తికమకగా ఉన్నాడా, అది చూడండి. నీడకు చేర్చి, బట్టలు విప్పి, ఒళ్లంతా చన్నీళ్లు పోస్తూ విసరండి. 108కి ఫోన్ చేయండి, బండి వచ్చేదాకా పోయడం ఆపొద్దు. నరాలు పట్టేస్తాయని భయపడకండి. తెలివి లేనప్పుడు మాత్రం నోట్లో నీళ్లు, మజ్జిగ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

42 డిగ్రీల ఎండలో పొడి ఒంటికి ఫ్యాన్ వేస్తే తగిలేది వడగాలే. తడి ఆరేటప్పుడే వేడి పోతుంది. నా చిన్నప్పుడు మా నాయన శెనక్కాయ చేన్లో పడిపోతే, మా అవ్వ కడవ నీళ్లు కుమ్మరించి, తడి పంచె కప్పి విసనకర్రతో విసిరింది. మేం ఆసుపత్రిలో చేసేదీ దాదాపు అదే.

జేబులో ఉల్లిపాయ ఏ వేడినీ లాగదు.

ఆయనకు చంకల్లో, గజ్జల్లో ఐసు పెట్టి, తడి దుప్పట్లు కప్పి, రెండు ఫ్యాన్లు పెట్టాం. ముప్పావు గంటకు 102కి వచ్చింది. బతికాడు గానీ కిడ్నీలు దెబ్బతిన్నాయి, డయాలసిస్ చేయాల్సి వచ్చింది. "తప్పు నాదేనా సార్?" అని ఆమె అడిగింది. కాదమ్మా అన్నాను. జ్వరానికి, దీనికి తేడా ఆమెకు ఎవరూ చెప్పలేదు.