మేత ఎంత ఒంటబట్టింది?

పొద్దున్నే కొట్టం ఊడ్చేటప్పుడు పేడలో మొక్కజొన్న పలుకులు కనబడితే, దాణా వృథా అవుతోందని పాడిరైతు వెంటనే పసిగడతాడు. పిడికెడు పేడను జల్లెడలో వేసి, నీళ్లు ధారగా పోస్తూ కడిగితే నలగని గింజలు, అరగని పీచు ఇంకా స్పష్టంగా బయటపడతాయి. దాణాను మరింత మెత్తగా ఆడించాలా వద్దా అన్నది తేల్చడానికి ఈ పరీక్ష చక్కగా పనికొస్తుంది. కానీ తిన్న మేతలో ఎన్ని పాళ్లు ఒంటబట్టాయో తెలియాలంటే కంటిచూపు చాలదు, తూకం కావాలి.

పశువును కొత్త మేతకు రెండు మూడు వారాలు అలవాటు చేసి, ఆపైన సాధారణంగా 7 రోజులపాటు వేసిన మేతను, గాడిలో మిగిల్చిన మేతను, పేడ మొత్తాన్ని తూచి, నమూనాలను ఆరబెట్టి తేమ పోగా మిగిలిన బరువును లెక్కగడతారు. ఒక గేదె రోజుకు 8 కిలోల పొడి పదార్థం తిని, పేడలో 3.6 కిలోలు వదిలిందనుకుందాం. అరిగింది 4.4 కిలోలు, అంటే 55 శాతం. పచ్చి పేడలో దాదాపు ఐదింట నాలుగు వంతులు నీరే కాబట్టి, ఆ 3.6 కిలోల కోసం రోజూ సుమారు 18 కిలోల పేడను మూత్రం కలవకుండా, రాత్రనక పగలనక ఎత్తి తూచాలి.

ఇంత కష్టపడ్డాక కూడా ఆ తీసివేతలో ఒక మెలిక మిగిలే ఉంటుంది. పేడలో పేగుల నుంచి రాలిన కణాలు, జీర్ణరసాల శేషం, సూక్ష్మజీవులు కూడా కలుస్తాయి కాబట్టి, లెక్కలో కనిపించే అరుగుదల అసలు అరుగుదల కంటే తక్కువగా తేలుతుంది. మాంసకృత్తులు 3, 4 శాతానికి మించని వరిగడ్డి ఒక్కటే వేస్తే, తిన్న మాంసకృత్తుల కంటే పేడలో వచ్చినవే ఎక్కువై, లెక్క సున్నా కిందికి దిగినా ఆశ్చర్యపోనక్కరలేదు.

బయట మేసే పశువు పేడనంతా పట్టడం అయ్యే పని కాదు. అందుకని ఆమ్లంలో కరగని బూడిద వంటి అరగని పదార్థాన్ని ఆనవాలుగా తీసుకుంటారు. అది మేతలో 4 శాతం, పేడలో 8 శాతం ఉంటే సగం మేత అరిగినట్టు. అయితే గడ్డికి అంటిన మట్టి, నేల మీంచి పేడతో పాటు వచ్చిన ఇసుక ఈ లెక్కను ఇట్టే తలకిందులు చేస్తాయి.

1963లో ఇంగ్లండ్‌లో టిల్లీ, టెర్రీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పశువు పొట్టనే గాజు గొట్టంలోకి తెచ్చారు. నెమరువేసే పశువు పెద్దపొట్టలోని రసాన్ని చల్లారనీయకుండా తెచ్చి, వడగట్టి, గాలి తగలకుండా మేత పొడితో కలిపి, పశువు ఒంటి వేడిలోనే 48 గంటలు ఉంచుతారు. తర్వాత మాంసకృత్తులను అరిగించే పెప్సిన్ అనే ఎంజైమును, ఆమ్లాన్ని పోసి మరో 48 గంటలు ఆగుతారు. చివరికి మిగిలిందే అరగని భాగం. కొద్ది గ్రాముల మేతతో పదుల నమూనాలను ఒకేసారి పోల్చే వీలు దీనితో కలిగింది.

ఇలాంటి కొలతలు హైదరాబాద్ చొప్ప వ్యాపారం లోగుట్టును కూడా బయటపెట్టాయి. అక్కడ అమ్మే జొన్న చొప్ప నమూనాలను పరీక్షిస్తే, అరుగుదల 47 నుంచి 52 శాతానికి పెరిగేసరికి ధర 20 శాతానికి పైగా పెరిగినట్టు తేలింది. అంటే జొన్న చొప్పలో అరిగే గుణానికి విలువ కట్టడం మార్కెట్‌కు ముందే తెలుసు; వరిగడ్డిని మాత్రం చాలాచోట్ల ఇప్పటికీ కట్టల లెక్కన, ట్రాక్టర్ లెక్కన కొంటున్నాం.