బొంత మీద గీత: పోతుందనుకున్నవీ, పోనివీ

పర్లాకిమిడిలో నాది చిన్న కుట్టు దుకాణం. జాకెట్లు, ఫాల్సులు ఏడాది పొడుగునా ఉండేవే. చలికాలం ముందు మాత్రం పాత చీరల మూటలతో బొంతలవాళ్ళు దిగుతారు. కొందరు పాతపట్నం వైపు నుంచి, కొందరు ఊళ్ళోని ఒడియా ఇళ్ళ నుంచి. వాళ్ళు కంథా అంటారు, మనం బొంత అంటాం, కుట్టు ఒకటే.

మా అమ్మమ్మ అసలు గీతే గీసేది కాదు. చీర అంచు పక్కనే మొదలుపెట్టి, వేలి వెడల్పు వదులుకుంటూ, చుట్టూ తిరిగి తిరిగి మధ్యకి చేరేది. ఇప్పుడు ఫోన్లో బొమ్మ చూపించి తామరపువ్వులు కావాలి, ఐమూల గళ్ళు కావాలి అంటున్నారు. గీయక తప్పదు. కుట్టయ్యాక ఆ గీత పోకా తప్పదు. తంటా అంతా ఆ పోవడం దగ్గరే. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు ఎక్కడెక్కడో విని వచ్చి చెప్పే మాటల్లో ఏది నిజమో, ఏది కాదో రాస్తున్నాను.

అపోహ: మగ్గం వర్కుకి పనికొచ్చే గుర్తు బొంతకీ పనికొస్తుంది.

అందరికంటే ఎక్కువమంది పడే గుంట ఇదే. మగ్గం వాళ్ళు ట్రేసింగ్ పేపరు మీద డిజైను వేసి, గీత వెంట సూదితో కన్నాలు పొడిచి, కిరసనాయిల్లో కలిపిన జింక్ పొడిని గుడ్డతో రుద్దుతారు. అడుగున బట్ట మీద చుక్కల గీత దిగుతుంది. దాని మీద జరీ, పూసలు, గొలుసుకుట్టు దట్టంగా కూర్చుంటాయి కాబట్టి అడుగున ఏముందో ఎవరికీ అక్కర్లేదు. బొంత కుట్టు అలా కాదు. సూది మునుగుతుంది, తేలుతుంది. తేలినచోట దారం, మునిగినచోట ఖాళీ. ఆ ఖాళీలో గీత పళ్ళికిలించుకుని కనిపిస్తూనే ఉంటుంది. పైగా కిరసనాయిలు కంపు లోపలి దూదికి పడితే అంత తొందరగా వదలదు.

పసుపు కార్బన్ కాగితానికీ ఇదే మాట. ఇక టైపు కార్బన్‌లో అయితే ఉండేది మైనం, నూనె. దాన్ని బట్ట దరిదాపులకే రానివ్వకండి.

కన్నాల కాగితం మాత్రం మంచి ఉపాయం. కిరసనాయిలు మానేసి, మెత్తటి సుద్దపొడిని పల్చటి గుడ్డలో మూటకట్టి కన్నాల మీద తట్టండి. దులిపితే పోతుంది. మీరు పోవద్దనుకున్నప్పుడు కూడా పోతుంది, కాబట్టి ముందు ఫ్యాను ఆపండి.

అపోహ: నీలం పెన్ను గీత నీళ్ళు చల్లితే పోతుంది.

బట్ట మీద గుర్తులు గీసుకోవడానికని అమ్మే నీలం పెన్ను ఇది, మామూలు రాత పెన్ను కాదు. నీళ్ళకి పోయేదే, కాదనను. కాకపోతే నీళ్ళకంటే ముందు దానికి వేడి తగలకూడదు. ఒకసారి పొత్తిళ్ళ బిడ్డకని తెల్ల నూలు బట్టతో చిన్న బొంత కుట్టాం. ఉతికే ముందు ఒకసారి ముడతలు తీద్దామని నేనే ఇస్త్రీ పెట్టె ఆనించాను. నీలం గీత కళ్ళముందే గోధుమరంగుకి తిరిగింది. "ఇదేటక్కా, టీ ఒలికినట్టయిపోనాది?" అంది పక్కనున్న పిల్ల. ఆ గీత ఈరోజుకీ పోలేదు. బొంత మా ఇంట్లోనే ఉంది, కొత్త బట్ట నా డబ్బుతో కొని మళ్ళీ కుట్టి ఇచ్చాను. మేడ మీద మండుటెండలో ఆరేసినా ఇలా అవ్వొచ్చు.

రెండో పొరపాటు స్ప్రే సీసా. పైపైన నీళ్ళు కొడితే గీత మాయమవుతుంది, మనం సంబరపడతాం. నిజానికి సిరా ఎక్కడికీ పోలేదు, లోపలి దూదిలోకి దిగింది. పైబట్ట ఆరేకొద్దీ లోపలి తడి పైకి వస్తుంది, దానితోపాటు సిరా కూడా. పాత గోడకి చెమ్మెక్కితే ఉప్పు బయటికి పూసినట్టు, మర్నాటికి నీలం మళ్ళీ పూస్తుంది. అందుకే బొంత మొత్తం మునిగేలా చన్నీళ్ళ బకెట్లో వేసి, నీళ్ళు రెండు మూడుసార్లు మార్చాలి. సబ్బు, సర్ఫు, వాషింగ్ సోడా అన్నీ ఆ తర్వాతే. ముందే సబ్బు తగిలితే కొన్ని పెన్నుల గీత అతుక్కుపోతుంది.

అపోహ: వేడికి పోయే పెన్నుంటే ఏ గొడవా లేదు.

ఇస్త్రీ పెట్టె అలా పోనిస్తే చాలు, గీత మాయం. నేనూ ముచ్చటపడి డజను పెన్నులు కొన్నాను. ఆ సిరా సుమారు 60 డిగ్రీల దగ్గర రంగు దాచుకుంటుంది. దాచుకోవడమే, పోవడం కాదు. సున్నాకి దిగువన 10, 20 డిగ్రీల చలి తగిలితే మళ్ళీ తేలుతుంది. మనూళ్ళో అంత చలెక్కడిది అనుకున్నాను. మా వీధిలో ఒకావిడ అలా గీసి కుట్టిన బొంతని కెనడాలో ఉన్న మనవడికి పంపింది. జనవరిలో రాత్రంతా కారు డిక్కీలో ఉండిపోయిందట. పొద్దున తీసి చూస్తే పువ్వుల చుట్టూ సన్నటి గీతలన్నీ లేచి కూర్చున్నాయి. మళ్ళీ ఇస్త్రీ చేస్తే పోయాయనుకోండి, వచ్చే చలికాలం దాకా.

నమ్మకం కుదరకపోతే ఒక ముక్క మీద గీసి, ఇస్త్రీ చేసి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రిజ్ డీప్‌ఫ్రీజర్లో ఒక రాత్రి పెట్టండి. నేను చేపల డబ్బా పక్కన పెట్టి చూశాను. ముదురు రంగు బట్టల మీద ఇంకో చిక్కు: రంగు పోయినా గీత ఉన్నచోట తెల్లటి చార మిగలొచ్చు.

అపోహ: గాలికి పోయే ఊదా పెన్ను రెండు రోజులుంటుంది.

పొడి ఊళ్ళలో ఉంటుందేమో. గాల్లో తేమ ఎక్కువైతే ఆ రంగు తొందరగా పోతుంది. గోపాలపూర్, బరంపురం వైపు ఉక్కపోతలో, మా ఊరి శ్రావణంలో, పొద్దున గీసింది మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి వెతుక్కోవాలి. ఆ పూట కుట్టేసే పనికైతే సరే.

అపోహ: పసుపు మన వంటింటిది, ఉతికితే పోతుంది.

పారాణి ఎలా ఎర్రబడుతుందో గుర్తుందా? పసుపులో సున్నం పడితే అంతే. సబ్బులోని క్షారం తగిలినా అదే జరుగుతుంది. లేత బట్ట మీద పసుపు గీత, ఉతికితే ముందు ఎర్రగీత అవుతుంది. ఎండలో ఆరేస్తే రోజులు గడిచేకొద్దీ వెలుస్తుంది నిజమే, కానీ గీతతోపాటు చీర రంగు కూడా వెలిస్తే ఏం లాభం?

అపోహ: మెత్తటి పెన్సిలైతే సులువుగా పోతుంది.

తిరగేసి చెప్పారు. 2బి లాంటి మెత్తటి పెన్సిల్ నలుసు ఎక్కువ వదులుతుంది, చేతి చెమటకి మసి పూస్తుంది. 2హెచ్ లాంటి గట్టి ముల్లు సన్నగా, లేతగా గీస్తుంది. ముందు బట్టకి గంజిపెట్టి గీస్తే గీత గంజి మీదే ఉండి ఉతుకులో చాలావరకు వెళ్ళిపోతుంది.

టైలర్ చాక్ కొనేటప్పుడు గోటితో గీరి చూడండి. పొడి రాలితే సుద్ద. గోటికి జిడ్డుగా అంటితే మైనం చాక్, నూలు మీద ఇస్త్రీ పెడితే కరిగి నూనె మరకైపోతుంది. ముదురు బట్టలకి నేను వాడేది అరిగిపోయిన సబ్బుపలుకు. క్రీములు, నూనెలు కలిపిన సబ్బు కాకూడదు, మామూలు బట్టల సబ్బు చాలు.

అపోహ: రంగు లేకుండా గీత ఎలా పడుతుంది?

పడుతుంది. జపాన్‌లో హెరా అని మొద్దు అంచున్న పనిముట్టు ఉంది. బట్ట మీద గట్టిగా నొక్కి లాగితే మడత చారలా గీత దిగుతుంది. దాన్ని తెప్పించుకోవాల్సిన పని నాకు రాలేదు. మా ఊరు కొమ్ము పనికి పేరు. కొమ్ముతో కొంగలు, దువ్వెనలు చేసే ఒకాయన్ని పళ్ళు కొయ్యని దువ్వెన చేసిపెట్టమన్నాను. ఎందుకో అర్థంకాక రెండుసార్లు అడిగి మరీ చేసిచ్చాడు. అరచేతిలో ఇమిడేంత బద్ద, అంచు కొద్దిగా వంపు, గాజులా నునుపు. కింద గట్టి అట్ట పెట్టి, స్కేలు ఆనించి లాగుతాను. దీపం ఏటవాలుగా పెట్టుకుంటే గీత మెరుస్తుంది. జానెడు గీసి జానెడు కుట్టుకోవాలి, ఒకేసారి మొత్తం గీసిపెట్టుకుంటే నలిగి కలిసిపోతుంది.

బరంపురం పట్టుచీరలు బొంతకిస్తే నీళ్ళ పెన్నుల జోలికే పోను, పట్టు మీద నీటిచుక్క మరక కూడా లెక్కే. పల్చటి కాగితం మీద డిజైను గీసి, బట్టకి పిన్నులు పెట్టి, కాగితం మీదుగానే కుట్టి, తర్వాత చింపి లాగేస్తాను. ఓపిక కావాలి, కూలీ కూడా ఎక్కువే అడుగుతాను. నూలుకి కొమ్ము బద్దే. పాలియెస్టర్ మాత్రం దానికి లొంగదు, సూదిలో దారం ఎక్కించేలోపు గీత లేచిపోతుంది. దానికి మళ్ళీ సబ్బుపలుకే.