చేపలు తెల్లారేసరికే ఎందుకు చచ్చిపోయాయి?

చిన్నారులకు ఆశీస్సులు.

“సాయంత్రం బాగానే ఈదిన చేపలు పొద్దున్నే చచ్చి తేలాయి. ఎవరైనా విషం కలిపారా తాతయ్యా?” అని మీలో ఒకరు అడిగారు. కలిపి ఉండొచ్చు. కానీ నీళ్లు పచ్చగా చిక్కబడ్డాయని కూడా రాశారు చూడండి, నా అనుమానమంతా దాని మీదే.

చెరువు కూడా ఒక సంసారమే. అక్కడ డబ్బంటే ఆక్సిజన్. పగలు ఎండలో నాచు సంపాదిస్తుంది, గాలి కూడా కొంత ఇచ్చిపోతుంది. రాత్రి నాచుకు సంపాదన లేదు, ఖర్చు మాత్రం ఆగదు. చేపలు, అడుగున కుళ్లును తినే బాక్టీరియా, ఆఖరికి సంపాదించిన నాచు కూడా వాడుకునేవే. నాచు మితిమీరితే రాత్రి ఖర్చు మోయలేనంత అవుతుంది. మబ్బు పట్టిన రోజైతే జీతంలో కోత. తెల్లారేసరికి జేబు ఖాళీ!

చిన్నప్పుడు ఎండాకాలంలో ఈతకు దిగితే మాకు ఛాతీ దాకా వెచ్చగా, పాదాలకు జిల్లుమని తగిలేది. కింద దయ్యం ఉందని మా అన్నయ్య బెదిరించేవాడు. దయ్యం లేదు, గియ్యం లేదు. వెచ్చటి నీరు తేలికై పైన ఉండిపోతుంది, చల్లటిది కిందే ఉంటుంది, రెండూ సరిగా కలవవు. పైవాళ్ల సంపాదన అడుగువాళ్లకు అందదన్నమాట.

ఇంతకీ అంత నాచును మేపిందెవరు? 1973లో కెనడాలో ఒక సరస్సును తెరతో రెండు భాగాలు చేశారు. రెండింటిలోనూ కర్బనం, నత్రజని వేశారు. ఒకదానిలో భాస్వరం కూడా కలిపారు. ఆ భాగమే పచ్చబడిపోయింది. ఆ భాస్వరం మురుగునీటిలో ఉంటుంది, ఎరువులో ఉంటుంది, వానకు కొట్టుకొచ్చే మట్టిలోనూ ఉంటుంది. అందుకే వాన ముందు ఎరువు చల్లొద్దని పెద్దవాళ్లకు చెప్పండి. గట్టున రెల్లు, గడ్డి ఉంటే పీకనివ్వకండి, వచ్చే మట్టిని అవే ఆపుతాయి. శుభ్రం చేస్తున్నామంటూ గట్టును నున్నగా చెక్కేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మీ చెరువు నీళ్లు ఎంత చిక్కబడ్డాయో కనిపెట్టే ఉపాయం ఒకటుంది. 1865లో ఇటలీలో సెక్కీ అనే మతగురువు తెల్లటి పళ్లేన్ని నీళ్లలోకి దించి, ఎంత లోతున కనబడకుండా పోతుందో కొలిచాడు. మీరూ ఒక తెల్ల పళ్లేనికి బరువు, తాడు కట్టండి. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని, ఎండ ఉన్న మధ్యాహ్నం, ప్రతి వారం ఒకేచోట దించి లోతు రాసుకోండి. పచ్చటి తెట్టు కనబడితే మాత్రం చెయ్యి పెట్టొద్దు, కొన్ని రకాల్లో విషముంటుంది. నాలుగు వారాల లెక్కలు పోగయ్యాక నాకు పంపండి.

మీ తాతయ్య