నిలబడింది సరే, మళ్లీ తలుపు తెరిచేదెప్పుడు?

2011 ఫిబ్రవరి 22న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరాన్ని భూకంపం కుదిపేసింది. 185 మంది చనిపోయారు. వాళ్లలో 115 మంది స్థానిక టీవీ స్టేషన్ ఉన్న సీటీవీ భవనం ఒక్కదానిలోనే పోయారు. నగరం నడిబొడ్డున ఉన్న మిగతా కాంక్రీటు భవనాలు చాలామటుకు ఇంజినీర్లు లెక్కగట్టినట్టే నడుచుకున్నాయి. పగుళ్లిచ్చాయి, వంగాయి, కానీ కూలలేదు. 26 అంతస్తుల గ్రాండ్ చాన్సలర్ హోటల్ ఓ పక్కకు ఒరిగి అలాగే నిలబడిపోయింది.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. నడిబొడ్డు చుట్టూ కంచె వేశారు. దాన్ని పూర్తిగా ఎత్తేసింది 2013 జూన్‌లో. ఒరిగిన హోటల్‌ను విప్పేశారు. కూలకుండా నిలిచిన బహుళ అంతస్తుల కాంక్రీటు భవనాల్లో కూడా సగానికి పైగా పడగొట్టేశారు. భవనం ఎంత గట్టిగా ఉండాలో చెప్పే నిబంధనల పుస్తకం, అంటే బిల్డింగ్ కోడ్ లెక్కన ఆ భవనాలు పాసైనట్టే. కోడ్ అడిగేది లోపలి మనిషి ప్రాణంతో బయటపడ్డాడా లేదా అని మాత్రమే. అదే మనిషి మళ్లీ లోపలికి ఎప్పుడు వెళ్తాడన్నది దాని పరిధిలో లేదు.

ఇది కోడ్ రాసినవాళ్ల అజాగ్రత్త కాదు. వందేళ్లుగా విశ్వవిద్యాలయాల ల్యాబులు ఏ ప్రశ్న వెంట పడ్డాయో ఆ జవాబే కోడ్‌లోకి ఎక్కింది. మొదట్లో ఆ ప్రశ్న ఒక్కటే: కూలకుండా కట్టడం ఎలా? 1923 నాటి కాంటో భూకంపం టోక్యోను నేలమట్టం చేశాక, 1925లో టోక్యో విశ్వవిద్యాలయంలో భూకంప పరిశోధన సంస్థ పుట్టింది. 1933 మార్చి 10 సాయంత్రం కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్‌లో బడులు కుప్పకూలాయి. పిల్లలు అప్పటికే ఇళ్లకు వెళ్లిపోయారు కాబట్టి సరిపోయింది. నెల తిరిగేసరికి బడి భవనాలకు ప్రత్యేక చట్టం వచ్చింది. బలమైన కుదుపును దగ్గర్నుంచి కొలిచిన తొలి రికార్డులు కూడా ఆ భూకంపంలోనివే.

రికార్డయితే దొరికింది. దానితో ఏం చేయాలి? నేల ఊగిన తీరు కాగితం మీద వంకరటింకర గీతలా ఉంటుంది. ఆ గీతకు పొట్టి భవనం ఒకలా ఊగుతుంది, పొడుగు భవనం మరోలా ఊగుతుంది. ఎన్ని రకాల భవనాలు ఎంతెంత ఊగుతాయో ఒకే వక్రరేఖలో చూపించవచ్చని కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయంలో 1932లో డాక్టరేట్ చేసిన మారిస్ బియో చెప్పాడు. లెక్క చేతితో తెమిలేది కాదు. అందుకని ఒక తీగకు లోలకం వేలాడదీసి, భూకంపం గీతను అనుసరిస్తూ తీగ పైకొసను మెలితిప్పేవాళ్లు. లోలకం ఎంత తిరిగిందో చూసి ఒక చుక్క పెట్టుకునేవాళ్లు. లోలకం ఊగే వేగాన్ని మార్చి మళ్లీ మొదటి నుంచి తిప్పేవాళ్లు. అలా ఒక్క వక్రరేఖ పూర్తవడానికి సగటున 8 గంటలు పట్టేది. అంత తీరిక ఏ డిజైన్ ఆఫీసుకి ఉంటుంది?

కంప్యూటర్ వచ్చి పడింది సరిగ్గా ఈ ఇరుకులోకే. ఇలినాయ్ విశ్వవిద్యాలయం 1952లో ఇలియాక్ అనే యంత్రాన్ని సొంతంగా కట్టుకుంది. ఆ కంప్యూటర్ ల్యాబును నడిపించినవాడు సివిల్ ఇంజినీరే, నేథన్ న్యూమార్క్. భూకంపం సాగే కాలాన్ని సెకను కన్నా చిన్న తునకలుగా కోసి, అడుగడుగునా భవనం ఎక్కడుందో లెక్కించే పద్ధతిని ఆయన 1959లో ప్రచురించాడు. ఇవాళ్టి సాఫ్ట్‌వేర్‌లలోనూ అది ఆయన పేరుతోనే ఉంది. మరోపక్క కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ శాఖలో ఇంజినీరు రే క్లఫ్, బోయింగ్‌లో విమానం రెక్కల మీద పనిచేసి వచ్చిన అనుభవంతో, ఎంత సంక్లిష్టమైన ఆకారాన్నైనా చిన్న ముక్కలుగా విడదీసి లెక్కించే పద్ధతికి 1960లో ఫైనైట్ ఎలిమెంట్ అని పేరు పెట్టాడు. సివిల్ ఇంజినీరింగ్‌లో దాని తొలి పెద్ద పరీక్షల్లో ఒకటి ఆర్కన్సాలోని నార్ఫోర్క్ డ్యామ్‌లో పడిన నిలువు పగులు. క్లఫ్ శిష్యుడు ఎడ్ విల్సన్ 1970లో తెచ్చిన ప్రోగ్రామ్ పేరు సాప్. ఇంగ్లిష్ వాడుకలో సాప్ అంటే వెర్రిబాగులవాడు. ప్రోగ్రామ్‌కు బుర్ర ఉండదు, బాధ్యత ఇంజినీరుదే అని గుర్తుండాలనే ఆ పేరు పెట్టానని ఆయనే రాశాడు. ప్రతి కంప్యూటర్ ల్యాబు గుమ్మం మీద రాసి పెట్టుకోవాల్సిన మాట ఇది.

లెక్క కుదిరిందనుకున్నప్పుడల్లా నేల కొత్త పాఠం చెప్పింది. 1964లో జపాన్‌లోని నిగాటాలో అపార్ట్‌మెంట్లు విరగకుండానే, కింది ఇసుక నీళ్లలా మారడంతో పక్కకు పడుకున్నాయి. 1985లో వందల కిలోమీటర్ల అవతల పుట్టిన భూకంపం మెక్సికో సిటీలోని పాత చెరువు మట్టి మీద ఉన్న భవనాలను ఏరుకుని మరీ కూల్చింది.

వీటన్నిటికన్నా ఎక్కువ చెప్పేది లాస్ ఏంజెలస్ శివార్లలోని ఆలివ్ వ్యూ ఆసుపత్రి. 1971 శాన్ ఫెర్నాండో భూకంపంలో, అప్పుడే కొత్తగా కట్టిన ఆ ఆసుపత్రి పనికిరాకుండా పోయింది. దాన్ని పడగొట్టి, ఈసారి ఉక్కు గోడలతో ఎంతో గట్టిగా మళ్లీ కట్టారు. 1994 జనవరి 17న నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చింది. పైకప్పు మీది పరికరంలో గురుత్వాకర్షణకు రెట్టింపు దాటిన కుదుపు నమోదైంది. అంత కుదుపుకు కూడా కట్టడం దాదాపు చెక్కుచెదరలేదు. అయినా రోగులను బయటికి తరలించక తప్పలేదు. ఎందుకంటే లోపల నీటి గొట్టాలు, మంటలార్పే స్ప్రింక్లర్ లైన్లు తెగి అంతస్తుల్లో నీళ్లు పారాయి. స్తంభాలు, దూలాలు గెలిచాయి, గొట్టాల దగ్గర ఆసుపత్రి ఓడిపోయింది. ఆ గొట్టాలను అంతకుముందు ఎవరూ పట్టించుకోలేదని కాదు. పరిశోధనలో పరువంతా స్తంభానిది, గొట్టం పని ప్లంబర్‌దిగా చూసేవాళ్లు.

సరిగ్గా ఏడాదికి, 1995లో అదే తేదీన జపాన్‌లో కోబే భూకంపం వచ్చింది. 6,400 మందికి పైగా చనిపోయారు. ఓడరేవు దెబ్బతిని సరుకు రవాణా వేరే రేవులకు మళ్లింది.

ఈ అనుభవాల నేపథ్యంలో, బఫలో విశ్వవిద్యాలయం కేంద్రంగా పనిచేసే ఎంసీఈఈఆర్ అనే భూకంప పరిశోధన బృందం తరఫున మిషెల్ బ్రునో, ఆయన సహచరులు 2003లో ఒక వ్యాసం ప్రచురించారు. అందులోని బొమ్మ చాలా తేలిక. అడ్డంగా కాలం, నిలువుగా ఊరి పనితీరు. భూకంపం రాగానే గీత ఒక్కసారిగా కిందికి పడుతుంది, తర్వాత మెల్లగా పైకి పాకుతుంది. మధ్యలో మిగిలిన త్రికోణమే నష్టం. గీత పడే లోతును తగ్గించడం ఇంజినీర్లకు తెలిసిన విద్యే. పైకి పాకే కాలాన్ని కూడా కుదించాలని ఆ త్రికోణం గుర్తుచేసింది. రాసినవాళ్లలో సామాజిక శాస్త్రవేత్త కూడా ఉండటం యాదృచ్ఛికం కాదు.

ఆ తర్వాత ల్యాబుల్లో కొలిచేవే మారాయి. 2023లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో శాఖలో, ఆరుబయట ఉన్న షేక్ టేబుల్ మీద, అంటే భూకంపంలా ఊపే వేదిక మీద, 10 అంతస్తుల కలప భవనాన్ని ఊపి చూశారు. కుదుపుకు ఊగి మళ్లీ తన చోటికి వచ్చేలా దాని గోడలను తయారుచేశారు. మెట్లు, బయటి గోడలు, లోపలి తడికలు కూడా పరీక్షలో భాగమే. కంప్యూటర్ మీద ఇప్పుడు ఒక్క భవనంతో ఆగడం లేదు. బర్క్‌లీ సిమ్‌సెంటర్ పరిశోధకులు శాన్ ఫ్రాన్సిస్కో బే ప్రాంతంలోని సుమారు 18 లక్షల భవనాలను ఒకేసారి ఊపి చూశారు, లోలకంతో ఒక్క వక్రరేఖకు పూట గడిచిన చోటు నుంచి ఇంత దూరం.

అయినా పైకి పాకే ఆ గీత మొండిది. క్రైస్ట్‌చర్చ్‌లో బాగుచేయగలిగిన భవనాలను కూడా కొన్నింటిని పడగొట్టారు, కారణాల్లో ఒకటి బీమా పాలసీల షరతులు. ఏ షేక్ టేబుల్ మీదా ఆ షరతులను పరీక్షించలేం. అమెరికా 2018లో తన భూకంప చట్టాన్ని సవరించినప్పుడు భవనాలు త్వరగా కోలుకునే విషయం మీద నివేదిక అడిగింది, 2021లో అది వచ్చింది. మనిషి ప్రాణంతో బయటపడటం చాలదు, భవనం ఎంత కాలంలో మళ్లీ వాడకంలోకి రావాలో ముందే అనుకుని డిజైన్ చేయాలన్నది దాని సారం. ఆసుపత్రికి ఎన్ని గంటలు, ఇంటికి ఎన్ని వారాలు, ఆఫీసుకి ఎన్ని నెలలు, ఆ గడువు కోసం అయ్యే అదనపు ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అన్న బేరం ఇప్పుడు కమిటీ గదుల్లో నడుస్తోంది. చాలా దేశాల కోడ్ పుస్తకాల్లో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.