చేపపిల్ల కంటి నుంచి తోక వరకు

కంటికి కనబడినది మెదడులో ఎక్కడ, ఏ విధంగా కదలికగా మారుతుందన్న ప్రశ్నకు అనేక ప్రయోగశాలలు నేడు నాలుగు మిల్లీమీటర్ల జీబ్రాచేప పిల్లలో సమాధానం వెదుకుతున్నాయి. అయితే ఈ అన్వేషణ చేపలతో మొదలు కాలేదు. 1940లలో అమెరికా శాస్త్రవేత్త రోజర్ స్పెర్రీ కప్ప దృష్టి నాడిని కోసి, కనుగుడ్డును తలకిందులుగా తిప్పి ఉంచారు. నాడి తిరిగి పెరిగాక ఆ కప్ప పైన ఉన్న ఎర కోసం కిందికి ఎగబడింది, ఎన్నాళ్లు గడిచినా ఆ పొరపాటును దిద్దుకోలేదు. ప్రతి నాడీతంతువుకూ మెదడులో చేరవలసిన చోటు ముందే నిర్ణయమై ఉంటుందని ఆయన దీన్నుంచి గ్రహించారు. 1959లో ఎంఐటీకి చెందిన జెరోమ్ లెట్విన్ బృందం కప్ప రెటీనాలో (కంటి లోపల కాంతిని గ్రహించే పొరలో) చిన్న, నల్లని, కదిలే వస్తువులకు ప్రత్యేకంగా స్పందించే కణాలున్నాయని, అంటే పురుగును పోల్చుకునే పని కొంత కంటిలోనే ముగుస్తుందని చూపింది. ఆ సంకేతం తర్వాత ఏ దారిన వెళ్తుందో బతికున్న మెదడంతటా గమనించే వీలు మాత్రం అప్పటికి లేదు.

ఆ వీలు కల్పించిన చేప మన ఉపఖండానిదే. ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపలపై 1822లో వెలువరించిన గ్రంథంలో వర్ణించిన ఈ చారల చేప, అక్వేరియాల మీదుగా ప్రపంచమంతా తిరిగి, ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ చేతికి చిక్కింది. జన్యుపరంగా ఒకేలా ఉండే చేపలను పెంచే పద్ధతిని ఆయన 1981లో ప్రకటించారు. పిల్ల దేహం పారదర్శకంగా ఉండడం, ఐదు రోజుల వయసుకే అది పారమీసియాలనే ఏకకణ జీవులను వేటాడడం పరిశోధకులకు కలిసివచ్చాయి. 1996లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో, అమెరికాలోని బోస్టన్‌లో జరిగిన భారీ జన్యు గాలింపుల (జన్యుమార్పులు కలిగించి, లోపాలున్న చేపలను వెదికే ప్రయోగాల) ఫలితాలు వెలువడినప్పుడు, దృష్టి నాడి దారితప్పిన చేపలు కూడా వాటిలో బయటపడ్డాయి.

రెటీనా నుంచి వచ్చే తంతువులు మెదడులో పది చోట్ల ముగుస్తాయి. అన్నిటికన్నా పెద్దది మధ్యమెదడు పైభాగమైన టెక్టం కావడంతో చూసి చేసే ప్రతి పనికీ అదే కేంద్రమన్న ఊహ సహజంగానే బలపడింది, కానీ అది నిలవలేదు. నాడీశాస్త్రవేత్త హెర్విగ్ బేయర్ బృందం లేజర్‌తో టెక్టంను తొలగించి చూసినప్పుడు, కదిలే చారల వెంట ఈదడం, కళ్లు తిప్పడం దాదాపు యథాతథంగా సాగాయని 2003లో తేలింది. వేట మాత్రం బాగా దెబ్బతిన్నదని 2005లో తేలింది. ప్రవాహానికి కొట్టుకుపోకుండా ఉన్నచోటే నిలవడానికి తోడ్పడే చారల స్పందనకు ముఖ్య ఆధారం టెక్టం ముందున్న ప్రీటెక్టం అని తరువాతి పరిశోధనలు చూపాయి.

వేట ఇంతకన్నా చిక్కైనది. ఎర కనబడగానే పిల్ల రెండు కళ్లనూ లోపలికి వాల్చి, తోకను సన్నగా వంచుతూ దిశ సరిచేసుకుని, చివరికి ఒక్క ఉదుటున నోటికి అందుకుంటుంది. 2014లో ప్రీటెక్టంలో ఎరకు స్పందించే మరో రెటీనా తంతువుల ముగింపు చోటు కనబడడంతో వేటలో కూడా టెక్టం ఒంటరి కాదని స్పష్టమైంది. ఈలోగా 2013లో శాస్త్రవేత్తలు మిషా అహ్రెన్స్, ఫిలిప్ కెల్లర్ కాల్షియం సూచక ప్రొటీన్ల (నాడీకణం పనిచేసినప్పుడు వెలిగే ప్రొటీన్ల) సాయంతో సుమారు లక్ష నాడీకణాలున్న పిల్ల మెదడులో 80 శాతానికి పైగా కణాల క్రియాశీలతను విడివిడిగా చిత్రించారు. పనిచేస్తున్న మెదడును దాదాపు మొత్తంగా చూడడం అలా సాధ్యమైంది. అయినా నాడీకణాలు ఎలా కలిసి ఉన్నాయో చూపే తీగల పటం చూసి ప్రవర్తన చెప్పవచ్చనుకుంటే తొందరపాటే అవుతుంది, ఎందుకంటే 2016లో బేయర్ బృందమే చూపినట్టు, ఆకలిగొన్న పిల్ల వెంటాడే చుక్క నుంచే కడుపు నిండిన పిల్ల తప్పుకునే అవకాశం ఎక్కువ, ఆ తేడా టెక్టం కణాల స్పందనలోనే కనబడుతుంది.